మా యింట సాంబా

పోయిన శ్రావణమాసమున నొక సాయంకాలము మా క్రిందియింటి యిల్లాలు మెట్లెక్కి వచ్చి గుమ్మముకడ నిలిచెను. లోపలికి రమ్మని యెంత పిలిచినను రాలేదు. చీరచెంగు వ్రేళ్లకు చుట్టుకొనుచు మెల్లగా ఇట్లనెను:

"ఏమీ అనుకోకమ్మా. ఆయనకు గుండె ఆపరేషను అయి ఇంకా నెల కాలేదు. పైన డ్రమ్ము మోగినప్పుడల్లా తన రొమ్ములోనే మోగినట్టుందంటున్నారు. పిల్లను ఏమీ అనవద్దు. నీతో చెప్పుకొని పోదామని వచ్చాను."

ఆమె కోపముతో వచ్చియుండినచో మేమును ఏదో యొక మాట అనియుందుము. ఆమె కోపముతో రాలేదు. "తప్పయిపోయింది పిన్నిగారూ, ఇక మోగదు" అని తల వంచుకొంటిమి. లోపలి గదిలో మా పెద్దమ్మాయి ఆ మాట విన్నది. ఆ రాత్రి అది భోజనమునకు రాలేదు.

ఇది మా యింటి గుట్టే. అయినను, సంగీతము నేర్చు పిల్లలతో అంతస్తుల యిండ్లలో కాపురముండు సోదరీమణులలో ననేకులకు ఇట్టి చిక్కు తటస్థించి యుండును. ఈ చిక్కు మూలముననే మాకు బ్రెజిలు దేశపు సాంబా యను తాళవిశేషము పరిచితమైనది. అది మిక్కిలి రసవంతమైన సంగతి గావున చదువరులతో పంచుకొన దలచితిమి.

మా నివాసము హైదరాబాదునకు తూర్పుదిక్కున, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల నడుమ నున్న యొక కాలనీలో మూడవ అంతస్తు. విజయవాడకు పోవు పెద్దబాట మాకు దాపుననే కలదు. 2018 సెప్టెంబరు నెల మొదలు ఆ బాటమీదుగా మెట్రోరైలు నడుచుచున్నది. మావైపు నిశ్శబ్దమనునది తెల్లవాఱుజామున తప్ప నెఱుగము. బస్సుల హారనులు, కోచింగు తరగతులు విడిచినప్పుడు గుంపులుగా వచ్చు విద్యార్థుల కోలాహలము, ఆషాఢమున బోనాల డప్పులు, పెండ్లి ఊరేగింపులలో తీన్‌మార్ మ్రోత, ఇన్నింటికి చెవులు అలవాటు పడినవి. ఇన్ని చప్పుళ్లలో ఒక పిల్ల వాయించు డ్రమ్ము ఎవరికి బరువని మేము మొదట తలచితిమి. అది మా తప్పు. వీధిలో మ్రోగినది వీధివెంట పోవును. ఇంటిలో మ్రోగినది గోడలు పట్టుకొని క్రిందికి దిగి, పక్కమీద పండుకొన్నవాని గుండెపై కూర్చుండును. నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లకు మించి చప్పుడు కూడదని 2000 సంవత్సరపు నిబంధనలు చెప్పుచున్నవి. కఱ్ఱలతో గట్టిగా వాయించిన డ్రమ్ము దగ్గఱనున్నవారికి 100 డెసిబెళ్లు దాటి వినబడును.

ఆ డ్రమ్ముల సెట్టు మేము కొన్నది గాదు. మా తమ్ముడు ఉద్యోగార్థమై విదేశమునకు పోవుచు మేనకోడలి కిచ్చి పోయెను. ఎఱుగనివారికై దాని స్వరూపము రెండు మాటలలో చెప్పెదము. కాలితో పెడలు త్రొక్కి వాయించు పెద్ద బేస్ డ్రమ్ము ఒకటి; ఎదుట నుంచుకొను స్నేర్ డ్రమ్ము ఒకటి, దీని యడుగున సన్నని తీగల పట్టీ యుండుటచే కొట్టినప్పుడు జిఱ్ఱుమను ధ్వని పుట్టును; రెండు మూడు టామ్‌లు; ఎడమకాలితో మూసి తెఱచు కంచు తాళముల జంట, దీనిని హైహ్యాట్ అందురు; పైన వ్రేలాడు పెద్ద కంచుపళ్లెములు, వీనిని సింబల్‌లందురు. రెండు చేతులు, రెండు కాళ్లు నాలుగు వేర్వేఱు పనులు చేయవలెను. పొయ్యిమీద పాలు, చంకలో బిడ్డ, చేతిలో గరిటె, చెవి వీధితలుపుమీద నుంచుకొను మనకు ఇది వింత గాదని మేము నవ్వుకొంటిమి.

మా అత్తగారు మాత్రము నవ్వలేదు. "ఆడపిల్లకు ఈ డప్పులేమిటి?" అనిరి. మృదంగవాద్యమున నిడుమోలు సుమతిగారికి 2021లో పద్మశ్రీ బిరుదము వచ్చినదని మా వారు వారికి చెప్పి చూచిరి. "మృదంగం వేఱు, ఇది వేఱు" అని వారు ముగించిరి. మా అమ్మాయి మాత్రము దిల్‌సుఖ్‌నగర్‌లో నొక మేడమీది గదిలో పాఠము చెప్పు మాస్టరుగారి యొద్దకు వారమునకు రెండు దినములు పోవుచు, ఎనిమిది నెలలలో చక్కగా చేయి త్రిప్పసాగెను. అంతలో ఈ మాట వచ్చినది.

క్రిందివారికి మాట ఇచ్చితిమి. సెట్టునకు దుప్పటి కప్పితిమి. అమ్మివేయుదమని మా వారనిరి, మేము ఔనంటిమి. మా అమ్మాయి కాదనలేదు, ఔననలేదు. పిల్ల పోట్లాడినచో తల్లికి ధైర్యముగా నుండును. అది బల్లమీద వ్రేళ్లతో తాళము వేయుట సైతము మానివేసినప్పుడు మాకు భయము కలిగినది.

నెల జీతము చెల్లించి పాఠము మాన్పించుటకై మాస్టరుగారి యొద్దకు మేమే పోతిమి. సంగతి యంతయు విని వారు బీరువానుండి రెండు వస్తువులు తీసి మా అమ్మాయి చేతిలో నుంచిరి. పిడిని నొక్కగా దానినుండి విసనకఱ్ఱవలె విచ్చుకొను సన్నని ఉక్కుతీగల కుచ్చులవి. బ్రష్షులని వాని పేరు. "అప్పుడే అమ్మకండమ్మా. ఒక్క నెల వీటితో వాయించనీయండి. అప్పటికీ కిందవాళ్లకు వినబడితే నేనే కొనుక్కొంటాను" అనిరి.

ఇంటికి తేగానే మా అత్తగారు వానిని చేతబట్టి "ఇది చీపురు కదే!" అనిరి. వారి మాట పూర్తిగా తప్పు గాదు. 1912లో అమెరికా దేశపు మిల్వాకీ పట్టణమున నిద్దఱు ఈగలను కొట్టుటకై పిడిలోనికి ముడుచుకొను తీగల సాధనమును కల్పించి దానికి పేటెంటు కోరిరట. డ్రమ్ములవారు దానిని చూచి, ఈగలను విడిచి తోలుమీద ఈడ్చి చూచిరి. పాటకుని గొంతు మునుగకుండ తాళము నడపుటకు అది మిక్కిలి తగియుండెను. నాటినుండి నేటివరకు ఆ యాకారము పెద్దగా మాఱలేదు.

కఱ్ఱతో కొట్టినప్పుడు ధ్వని ఒక్కసారి పుట్టి చచ్చును. బ్రష్షుతో ఈడ్చినప్పుడు ధ్వని పుట్టుచునే యుండును. ఎండుటాకులపై చీర కుచ్చెళ్లు ఒరసికొన్నట్లు, సన్నజల్లు పడినట్లు వినబడును. మొదటిసారి విన్నప్పుడు మాకు నాట్యశాస్త్రమునందలి స్వాతి మహర్షి కథ స్ఫురించినది. ఆయన నీటికై కొలనునకు పోగా వాన వచ్చెనట. చిన్నవి, పెద్దవియగు తామరాకులపై చినుకులు పడి వేర్వేఱు ధ్వనులు పుట్టగా విని, ఆశ్రమమునకు వచ్చి పుష్కరవాద్యములను నిర్మించెనట. మనవారు చెప్పిన వాద్యముల పుట్టుక పిడుగునుండి గాక చినుకునుండి జరిగినదని అంతవఱకు మేము గమనింపలేదు.

బ్రష్షులతో మొట్టమొదట సాంబానే ఎందుకు పట్టించిరని మాస్టరుగారి నడిగితిమి. "అమ్మాయి చేయి ఊరకుండదు. నెమ్మదియైన పాట ఇస్తే విసుగు పుట్టి మళ్లీ కఱ్ఱలు పట్టుకొంటుంది. సాంబాలో చేతికి తీరిక ఉండదు, చప్పుడు మాత్రం మనం ఎంత కావాలంటే అంతే" అనిరి. అందుచేత సాంబా యనగా నేమో తెలిసికొన వలసివచ్చెను. మా వారు గ్రంథాలయమునుండి పుస్తకములు తెచ్చిరి. అమ్మాయి రికార్డులు వినిపించెను.

బ్రెజిలు దక్షిణ అమెరికాఖండమున పెద్ద దేశము. పోర్చుగీసువారు ఆఫ్రికానుండి లక్షలకొలది జనులను బానిసలుగా కొనిపోయి అచ్చట చెఱకుతోటలలో పని చేయించిరి. 1888లో గాని ఆ దేశమున బానిసత్వము రద్దు గాలేదు. ఆ జనుల చేతులలో మిగిలినది తాళమొక్కటే. బహియా ప్రాంతమున వారి స్త్రీలు వలయముగా నిలిచి చప్పట్లు చఱచుచు, పింగాణి పళ్లెము నంచున కత్తితో గీఱుచు పాడుదురు. వంటింటి పళ్లెమే వారికి వాద్యము. ఆ వలయపు సాంబాను యునెస్కో సంస్థ 2005లో మానవజాతి వారసత్వముగా ప్రకటించినది.

ఆ బహియానుండి రియో డి జనీరో నగరమునకు వచ్చి స్థిరపడిన వారిలో హిలారియా బతిస్తా డి అల్మైదా యను నామె యొకతె. 1854లో పుట్టి 1924లో గతించినది. తియా సియాతా యని లోకులు పిలిచెడివారు. తియా యనగా అత్త లేక పిన్ని. వీధిలో మిఠాయిలమ్మి పిల్లలను పెంచిన గృహిణి. ఆ కాలమున పోలీసులు సాంబా వాయించువారిని పట్టుకొని వాద్యములు లాగికొనెడివారు. 1908లో జొయావు ద బయానా యను వాద్యగాని చేతి పండెయిరోను, అనగా మన కంజిరవంటి దానిని, పోలీసులు లాగికొనగా, సాంబా నభిమానించు నొక సెనేటరు అతనికి క్రొత్తది బహుమానమిచ్చెనని చెప్పుకొందురు. సియాతా యింట మాత్రము సాంబా నిర్భయముగా సాగెను. ఆమె దేశాధ్యక్షుని కాలిపుండు మాన్పినందున ఆమె యింటిజోలికి పోలీసులు రాలేదని ప్రతీతి.

ఆ యింటి ఏర్పాటు ఎన్నదగినది. వీధివైపు గదిలో మర్యాదగల అతిథులకు మృదువైన వాద్యములు, నాట్యము. వెనుకగదిలో సాంబా. పెరటిలో పెద్ద డప్పుల మ్రోత. ఒకే రాత్రి, ఒకే యింట, మూడు మోతాదులలో తాళము నడిచెడిది. అట్టి కూటములనుండి పుట్టిన "పెలో తెలెఫోన్" అను పాటను దొంగా యను నతడు 1916లో జాతీయ గ్రంథాలయమున నమోదు చేయించెను. అది 1917 కార్నివాలు పండుగలో ఊరంతయు మ్రోగినది. సాంబా యని పేరుపెట్టి ప్రచారమునకు వచ్చిన పాటలలో నదియే మొదటిదానివలె గణింపబడుచున్నది.

1928లో రియోలోని ఎస్తాసియో పేటవారు ఒక సాంబా సంఘమును స్థాపించిరి. దాని పేరు "దెయిషా ఫలార్". తెలుగున "అనుకొననిండు" అని చెప్పవచ్చును. ఆ పేటలోని బిదె యను నతడు పెద్ద వెన్నడబ్బాకు తోలు బిగించి సుర్దూ అను గంభీరమైన డప్పును చేసెనని చెప్పుదురు. నేడు కార్నివాలున వందలకొలది జనులు కలసి వాయించు సాంబా ఆ సుర్దూ నాడిమీదనే నడచుచున్నది.

ఆఫ్రికా తాళము ఇట్లు సముద్రము దాటి పోయినది బ్రెజిలునకే గాదు. మన హైదరాబాదునను ఏ.సి.గార్డ్స్ అను పేట గలదు గదా! ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అను నిజాము ప్రభువుల అశ్వదళము పేరనే అది వెలసినది. ఆ దళమునందలి సిద్దీల వంశీయులు వాయించు మర్ఫా వాద్యమే మన నగరపు పెండ్లి ఊరేగింపులలో నేటికిని వినబడుచున్నది. మర్ఫా విని పెరిగిన చెవికి సాంబా పరాయిదిగా తోచకుండుటలో నాశ్చర్యము లేదు.

ఇక వాయించు విధము. మన సోదరీమణులు తాళజ్ఞానము గలవారు గనుక సొల్లుకట్టులోనే చెప్పెదము. సాంబాకు ఆవర్తమునకు రెండు దెబ్బలు. ఒక్కొక్క దెబ్బను నాలుగు భాగములు చేసి "తకధిమి" అని అనుకొనుడు. కుడికాలు బేస్ డ్రమ్మును "త"యందును "మి"యందును త్రొక్కవలెను: త, మి-త, మి-త. ఇది గుండెచప్పుడువలె జంటజంటగా నడచును. ఎడమకాలు హైహ్యాట్‌ను "ధి"యందు మూయవలెను. మనకు సమమున బరువు. సాంబాలో సుర్దూ బరువు రెండవ దెబ్బపై పడును. మొదటిది అణచి, రెండవది విడిచి వాయింపవలెను. కర్ణాటక సంగీతము విన్న చెవికి మొదట నిదియే అడ్డుతగులును. మా అమ్మాయికి ఒక వారము పట్టినది.

ఇది కాళ్ల పని. చేతుల పనిలో మొదటిది ఈడ్పు. కుడిచేతి బ్రష్షును స్నేరుపై పఱచి ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, మరల ఎడమకు, మరల కుడికి ఈడ్చినచో "తకధిమి" యగును. సాంబా మేళములో గంజా యను రేకుగొట్టము గలదు, దానిలో గింజలుండును, ముందునకు వెనుకకు ఊపుదురు. ఈ ఈడ్పు దానికి ప్రతినిధి. ఏ భాగమున బలము కావలెనో అచ్చట వ్రేలితో పిడిని కొంచెము నొక్కవలెనే గాని చేయి ఎత్తరాదు. ఎడమచేయి కొనలతో తాకుచు, చిన్న టంబొరిం డప్పువలె నడుమ నడుమ మాటలు చెప్పును.

రెండవ విధము సాంబా కూతురగు బోసనోవాలోనిది. కుడిచేత బ్రష్షు, ఎడమచేత కఱ్ఱ. కఱ్ఱను స్నేరుపై అడ్డముగా పండబెట్టి దాని కొనతో అంచుపై టక్కుమని మ్రోగింపవలెను. రెండు ఆవర్తముల పదునాఱు భాగములలో ఆ టక్కులు అయిదు మాత్రమే. వాని నడుమ ఎడము 3, 3, 4, 3, 3. కూడి చూడుడు, పదునాఱు. "తకిట తకిట తకధిమి తకిట తకిట" అనుచు ప్రతి మాట మొదట ఒక టక్కు వేసినచో చాలును. పోర్చుగీసు భాష రానక్కఱలేదు. మా చిన్నవాడు ఆఱేండ్ల వాడు; ఈ అయిదు టక్కులు అన్నముగిన్నెపై వేయుచు మాచేత చీవాట్లు తినుచున్నాడు.

వేగమును గూర్చి యొక మాట. నిమిషమునకు 100 దెబ్బల నడకయనగా నిమిషమునకు 400 ఈడ్పులు. క్రొత్తవారు 50 దెబ్బలతో మొదలిడవలెను. వాద్యమును గూర్చి మఱియొకటి. ఇప్పటి డ్రమ్ములకు చర్మము గాక ప్లాస్టిక్కు పొర బిగింతురు. దానిపై తెల్లని గఱుకు పూత యుండినగాని బ్రష్షు పలుకదు. మా తమ్ముని స్నేరు వాడి వాడి నున్నబడి యుండుటచే మొదట ధ్వనియే రాలేదు. ఆ పొరయొక్కటి మార్పించితిమి. రాత్రివేళ అడుగు తీగల పట్టీని వదులు చేసినచో జిఱ్ఱు తగ్గును. ఇరుగుపొరుగువారికై కొందఱు ఎలక్ట్రానిక్ డ్రమ్ములు కొందురు గాని సాధారణమైన వానిలో బ్రష్షు ఈడ్పు పలుకదు. అవి దెబ్బనే గుర్తించును.

డ్రమ్మునకు కప్పిన దుప్పటి తీయుటకు మాకింకను ధైర్యము చాలక, మొదటి పదునైదు దినములు అమ్మాయి ఒక అట్టపెట్టెపైననే బ్రష్షులు ఈడ్చినది. అట్టయును గఱుకే గదా! డ్రమ్ములవారు అట్టలపైన, పాత రికార్డుల కవరులపైన సాధన చేయుట వాడుకయేనని మాస్టరుగారు చెప్పిరి. అయితే ఈడ్పు సాఫీగా రాదు. ప్రతి మలుపులోను చేయి తట్టుకొనును. ఒకనాడు మా అత్తగారు ప్రక్కన కూర్చుండి చేటలో బియ్యము చెఱుగుచుండిరి. అట్టపెట్టె చప్పుడు కొంతసేపు విని, "మణికట్టు బిగించావు తల్లీ. అలా బిగిస్తే నూకలూ బియ్యమూ ఒకటవుతాయి. వదిలెయ్యి. చేటే తిరుగుతుంది, నువ్వు తిప్పకు" అని చేటను మనుమరాలి చేతికిచ్చిరి. అర్ధగంట అది చెఱిగినది. బియ్యము నేలపాలైనవి గాని మణికట్టు వదులైనది. నాటి సాయంకాలమే ఈడ్పు తెగకుండ వచ్చినది. ఆడపిల్లకు డప్పులేమిటన్న మాట తరువాత మా యింట వినబడలేదు.

అటుపిమ్మట దుప్పటి తీసితిమి. మాట ఇచ్చినవారము గనుక, పైన అమ్మాయి వాయించుచుండగా మేము క్రిందియింటికి పోయి వారి ముందుగదిలో కూర్చుంటిమి. బ్రష్షు ఏమాత్రము వినబడలేదు. బేస్ డ్రమ్ము మాత్రము దూరమున నెవరో రోట దంచుచున్నట్లు వినబడెను. లోన పాతబొంత కూరినను ఆ అదురు నేలనుండి క్రిందికి దిగుచునే యుండెను. అందుచే పెడలు విప్పివేసి, మడచిన జంపఖానాపై పాదముతో ఆ నాడి వేయుమంటిమి. మఱల పోయి వింటిమి. ఏమియు లేదు. పెద్దాయన వైద్యుల సలహాపై సాయంకాలము అయిదు గంటలకు నడకకు పోవుదురు. ఆ ముప్పావుగంట మాత్రము పెడలు పెట్టుకొమ్మని ఆ యిల్లాలే చెప్పినది.

ఇక్కడితో కథ ముగిసినదని తలచితిమి. ఒక రాత్రి అమ్మాయి బ్రష్షులు ముడుచుచు, "అమ్మా, ఎప్పటికీ ఇలా మెల్లగానేనా?" అని అడిగెను. మాకు మాట తోచలేదు.

మెల్లగా మాటాడు, మెల్లగా నడువు, మెల్లగా నవ్వు అని మేము మా బాల్యమంతయు విన్నవారము. రఘువంశము మా తాతగారి యొద్ద చదువునప్పుడు సయితము గొంతు వీధిలోనికి వినబడరాదని మాకు కట్టడి. అన్నదమ్ములు వీధి యరుగుమీద కూర్చుండి ఎలుగెత్తి వల్లించెడివారు. శ్లోకము వారికి వచ్చినట్లే మాకును వచ్చినది. కాని నేటికిని నలుగురిలో శ్లోకము చదువుమనిన మా గొంతు పెగలదు. రోగికై చప్పుడు తగ్గించుట ధర్మము. కాని ఆ ధర్మమును సాకుగా జేసి మేము పడినదానినే బిడ్డకును కట్టబెట్టుచున్నామా యని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు పుస్తకము మరల తిరగవేసితిమి. మృదుత్వమునకు సాంబాలో గొప్ప చరిత్ర యున్నది. జొయావు జిల్బెర్తో 1950 తరువాతి సంవత్సరములలో అక్క యింట స్నానాలగదిలో తలుపు వేసికొని గంటలకొలది గిటారు సాధన చేసి, గుసగుసవలె పాడు రీతిని కనిపెట్టెను. 1958లో వచ్చిన "షేగా ది సౌదాది" రికార్డు ఆ రీతికి ప్రసిద్ధి తెచ్చినది. మిల్తన్ బనానా యనునతడు ఆ గొంతునకు మీఱకుండ డ్రమ్ము వాయించెను. నారా లెయావు అను బాలిక తలిదండ్రుల ఫ్లాటులో, కోపకబానా సముద్రతీరమున, ఆ కాలపు యువకులు కూడి పాడుకొనెడివారు. అంతస్తుల యింట పుట్టిన సంగీతము గనుకనే అది మెత్తనిదయ్యెనని అనువారును గలరు.

కాని అదే కోపకబానాలో సీసాల సందు అనదగిన యొక సందు గలదు. బెకో దస్ గర్రాఫాస్ అని దాని పేరు. అచ్చటి చిన్నచిన్న శాలలలో రాత్రులు సంగీతము సాగుచుండ, మేడలపైవారు నిద్ర పట్టక కిటికీలనుండి సీసాలు విసరెడివారట. అందుకే ఆ పేరు. సాంబా నడకను తోలునుండి కంచుపళ్లెముమీదికి ఎక్కించి ఘణఘణ మ్రోగించిన ఎడిసన్ మషాదో వంటివారు ఆ సందులోనే ప్రకాశించిరి. మెత్తని సాంబా, గట్టి సాంబా ఒకే పేటలో ఒకే కాలమున వర్ధిల్లినవి. సియాతా యింటనైనను అంతియే గదా! ముందుగది యున్నది గనుక పెరటిని ఆమె మూసివేయలేదు.

ఈ మాటలు మా వారితో చెప్పితిమి. వారు కొంతసేపు ఆలోచించి, "మనకు పెరడు లేదు. అద్దెకు తీసుకొందాం" అనిరి. మాస్టరుగారి గదికి అడ్డముగా మందపు పరుపులు బిగించి యున్నవి. క్రింద దుకాణములే గాని కాపురములు లేవు. ఆదివారము మధ్యాహ్నము రెండు గంటలు ఆ గది మా అమ్మాయిది. అందులకై మేము నెలనెలా పాలు, కూరగాయల లెక్కలో కొంత బిగించితిమి. ఎంతయని చెప్పము, ఇల్లు నడపువారికి చెప్పనక్కఱలేదు.

మొన్న యొక ఆదివారము మేమును వెంట పోతిమి. బ్రష్షులు సంచిలోనే యుంచి అది కఱ్ఱలు తీసెను. తరువాతి అర్ధగంట మా చెవులు దిమ్మెత్తినవి. గది కిటికీ అద్దములు అదరినవి. మా బిడ్డ అంత చప్పుడు చేయగలదని మేమెఱుగము. అయితే ఆ మ్రోతలో సయితము మొదటి దెబ్బ అణగి రెండవది విడిచియుండెను. నడుమ ఈడ్పులవలె సన్నని కదలిక తెగకుండ నడచుచుండెను. బ్రష్షుతో నేర్చినది కఱ్ఱలోనికి వచ్చినదని మాస్టరుగారు చెప్పిరి. పెద్దచప్పుడు మొదటే నేర్చినవారికి చిన్నచప్పుడు కష్టమనియు, చిన్నదానిని సాధించినవారికి రెండును లొంగుననియు వారి యభిప్రాయము. వాయించి ముగించి, చెమట తుడుచుకొనుచు, "వినబడిందా అమ్మా?" అని నవ్వినది. శ్రావణమునకు పిమ్మట దాని నోట నవ్వు చూచుట మాకదియే మొదలు.

అంతస్తుల యిండ్లలో ఇట్టి పిల్లలు గల సోదరీమణులకు మా మనవి యిది. వాద్యమును అమ్మకముందు బ్రష్షుల జత యొకటి కొని చూడుడు. కొన్ని వందల రూపాయలలో దొరకును. పైన వాయింపజేసి మీరే క్రిందికి పోయి కూర్చుండి వినుడు. వాదించుటకంటె వినుటవలన తగవు త్వరగా తీఱును. అంతమాత్రముతో ఊరకొనక, వారమునకు ఒక్క గంటయైనను బిడ్డ గట్టిగా వాయించుకొనుటకు ఎచ్చటనో యొక పెరడు వెదకి యిండు.

క్రిందియింటి పెద్దాయన ఇప్పుడు నెమ్మదిగా మెట్లెక్కగలుగుచున్నారు. పోయిన వారము వారింటికి క్రొత్త మిక్సీ వచ్చినది. దాని ఖాళీ అట్టపెట్టెను ఆ యిల్లాలు పాతసామానువానికి వేయక, మా అమ్మాయికని పైకి పంపినది.